స్క్రీన్‌ప్లే బ్రహ్మవిద్య ఏం గాదు, మన కథలు మనమే రాద్దాం

శాన ఏండ్లు తెలుగు సినిమాల మన యాస మాట్లాడెటోళ్లు రెండు రకాలోళ్లే కనవడ్డరు. ఒకడు రౌడీ, ఇంకొకడు నవ్వులాటకు పెట్టుకున్న పనోడు. దీని మీద మనం సభలు పెట్టినం, పాటలు కట్టినం, టీవీ చర్చలల్ల కొట్లాడినం. అయితే ఒక్క ముచ్చట తక్కువ మాట్లాడినం. ఆ రౌడీ నోట్ల ఆ మాట పెట్టింది నటుడు గాదు. కెమెరా ఆన్ కాకముందే, ఎక్కడ్నో ఒక రూముల, ఒక కాయిదం మీద అది రాసి ఉన్నది. ఎవడు కుర్చీల కూసోవాలె, ఎవడు చేతులు కట్టుకోని నిలవడాలె, ఎవరి ఇంట్లకు కెమెరా పోవాలె, ఎవరి గడప కాడనే ఆగాలె అన్నది ఆ కాయిదమే తేలుస్తది. దాని పేరే స్క్రీన్‌ప్లే.

ఇప్పుడు ఊరికి పదిమంది పోరగాండ్ల చేతుల్ల కెమెరా ఫోన్లున్నయి. షార్ట్ ఫిల్ములు తీస్తున్నరు, యూట్యూబుల పెడుతున్నరు. మీటింగులకు పోయినకాడల్ల నన్ను అడుగుతరు: "అన్నా, కథైతే మస్తుగున్నది, స్క్రీన్‌ప్లేనే ఎట్ల రాయాల్నో తెలుస్తలేదు." నేను ఏ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ల చదువుకోలే. ఆబిడ్స్‌ల ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికే పాత పుస్తకాలు, ఒక్కో సినిమాను ఆపుకుంట ఆపుకుంట నోట్‌బుక్కుల రాసుకునుడు, గిట్లనే నేర్చుకున్న. గట్ల నేర్చుకున్నదాంట్ల పనికొచ్చే మొదటి పాఠాలు ఇయ్యాల మీ ముందట పెడుతున్న.

కథ వేరు, స్క్రీన్‌ప్లే వేరు

తెలుగు సినిమా టైటిల్స్ జెర మంచిగ చూడుండ్రి. కథ, స్క్రీన్‌ప్లే, మాటలు, దర్శకత్వం అని వేరువేరుగ పడుతయి. అంటే ఇవి నాలుగు పనులు. శాన మంది స్క్రీన్‌ప్లే అంటే డైలాగులు రాసుడే అనుకుంటరు. జాతీయ అవార్డులల్ల గూడ స్క్రీన్‌ప్లేకు, మాటలకు వేరువేరుగ ఇస్తరు. "పెళ్లిచూపులు" సినిమాకు తరుణ్ భాస్కర్‌కు వచ్చింది మాటల అవార్డు.

కథ అంటే ఏమైందో చెప్పుడు. స్క్రీన్‌ప్లే అంటే అది తెర మీద ఏ వరుసల, ఎక్కడ, ఏం కనవడుకుంట, ఏం ఇనవడుకుంట జరుగుతదో రాసుడు. దీనికి ఒక్కటే పెద్ద రూలు: కన్ను చూసేది, చెవి ఇనేది, అంతే రాయాలె. కథల "లచ్చవ్వ మనసు కలత చెందింది" అని రాస్తే నడుస్తది. స్క్రీన్‌ప్లేల నడవదు. కలతను కెమెరా పట్టలేదు. "లచ్చవ్వ అన్నం కలుపుతది. ముద్ద నోటికాడికి తెస్తది. మళ్ల పల్లెంల పెడుతది." దీన్ని కెమెరా పడుతది. చూసెటోనికి కలత తెలుస్తది, మనం ఆ మాట అననే అనం.

"గత ఇరవై ఏండ్ల సంది అప్పులల్ల ఉన్నడు" అన్నది గూడ తెర మీద కనవడది. గోడకు తగిలేసిన నాలుగు బ్యాంకుల నోటీసులు కనవడుతయి. పట్నం నంబర్ ఫోన్ల మోగంగనే గొంతు సన్నగ చేసుకునేది కనవడుతది. రాసిన ప్రతి లైను కాడ ఆగి, "ఇది కనవడుతదా? ఇనవడుతదా?" అని అడగాలె. రెండూ గాకపోతే కొట్టెయ్యాలె.

మన పెద్దోళ్లకు ఇది కొత్త గాదు. ఒగ్గు కథ చెప్పెటాయన ఒక్క మాటతోని పట్నం నుంచి అడవిల పడుతడు. భుజం మీది కండువ నెత్తికి సుడితే ముసలోడైతడు, కొంగు చేసుకుంటే ఆడమనిషి అయితడు. ఎన్కకు నిలవడ్డ వంత ఒక్క ప్రశ్న అడుగంగనే సీన్ మారుతది. సినిమాల దీన్నే కట్ అంటరు. చిన్నప్పటి సంది ఒగ్గు కథ, శారద కథ, చిందు భాగోతం చూసిన మనకు సీన్ అంటే ఏందో ఎవ్వలో వచ్చి కొత్తగ చెప్పాల్సిన పనిలేదు. దాన్ని కాయిదం మీద పెట్టే పద్ధతి నేర్చుకుంటే చాలు.

ఎవరికి ఏం కావాలె? ఎవరు అడ్డం?

శాన మంది మనోళ్లు కథ అని తెచ్చేది సమస్య. "అన్నా, రైతుల బాధల మీద సినిమా తీస్తం." బాధ సమస్యనే గాని కథ గాదు. ఒక మనిషికి ఏదో ఒకటి కావాల్సి వచ్చినప్పుడు, దానికి ఏదో అడ్డం పడ్డప్పుడు, దానికొక గడువు ఉన్నప్పుడు కథ మొదలైతది.

"మల్లేశం" సినిమా చూడుండ్రి, 2019ల వచ్చింది. చేనేత కార్మికుల కష్టాలు అన్నది విషయం. కథ అది గాదు. ఆసు పోసి పోసి అమ్మకు రెక్క గుంజుతున్నది, కొడుకు ఆ పని చేసే మిషన్ తయారు చెయ్యాలె. చదువు లేదు, పైసలు లేవు, ఊరోళ్లు నవ్వుతున్నరు. ఇది కథ. ఏం కావాల్నో చిన్న పిల్లగాడు గూడ చెప్తడు.

మనం ఒకటి కట్టి చూద్దాం. మనందరికి ఎరుకైన జాగ, ఐకేపీ వడ్ల కొనుగోలు సెంటర్. తేమ 17 శాతం దాటితే వడ్లు తీసుకోరు. లచ్చవ్వ కౌలు రైతు. కుప్ప పోసి పదిరోజులైంది. మబ్బు పట్టింది. రాత్రి వాన కొడితే వడ్లు మొలకెత్తుతయి, కౌలు మాత్రం కట్టాల్సిందే. ఆమెకు ఏం కావాలె? వాన రాకముందు కాంటా కావాలె. గడువు ఏంది? వాన. అడ్డం ఏంది? మాయిశ్చర్ మిషన్ 19 చూపెడుతున్నది.

ఇగ ఆ మిషన్ పట్టుకున్నది ఎవరు? ఇక్కడ తొందరపడి ఒక దొంగ ఆఫీసర్‌ను పెడితే కథ అక్కడ్నే చచ్చిపోతది. సెంటర్ నడిపేది మహిళా సంఘపామె అనుకోండ్రి. పేరు సుజాత. లచ్చవ్వ సంఘమే, ఒక్క వాడనే. తేమ ఎక్కువున్న వడ్లు లారీ ఎక్కిస్తే మిల్లోడు వాపస్ పంపుతడు, ఆ నష్టం సెంటర్ మీద పడుతది. సుజాత చెడ్డామె గాదు, ఆమె భయం ఆమెకున్నది. అడ్డం నిలవడ్డోనికి గూడ ఒక న్యాయం ఉండాలె. అప్పుడే చూసేటోడు "నేనైతే ఏం చేద్దునో" అని కుర్చీల కదులుతడు. ఈ ఇద్దరాడోళ్ల మీదికి ఎవడు తెచ్చి పెట్టిండు అన్న ప్రశ్న అప్పుడు దానంతట అదే లేస్తది. మనం ఉపన్యాసం చెప్పే పనిలేదు.

దీన్నంతా రెండు లైన్లల్ల రాసుకోవాలె: "వాన పడకముందు తన వడ్లు అమ్ముకోవాలనుకునే కౌలు రైతు లచ్చవ్వ, తేమ ఎక్కువున్నదని ఆపిన తన సంఘం చెల్లెతోని ఒక్క రాత్రిల తేల్చుకోవాలె. వడ్లు దక్కితే చెల్లె కొలువు పోతది, చెల్లె కొలువు దక్కితే వడ్లు పోతయి." సినిమోళ్లు దీన్ని లాగ్‌లైన్ అంటరు. రెండు లైన్లల్ల చెప్పరాకపోతే రెండు గంటలల్ల గూడ చెప్పరాదు. ముందు ఇది కుదరాలె, అప్పటిదాంక సీన్ల జోలికి పోవద్దు.

మొదలు, నడుమ, కొస

అమెరికాల సిడ్ ఫీల్డ్ అనే ఆయన 1979ల "స్క్రీన్‌ప్లే" అని ఒక పుస్తకం రాసిండు. ప్రపంచమంత దాన్ని పట్టుకోని నేర్చుకున్నరు. ఆయన లెక్క గిట్ల: రెండు గంటల సినిమాకు 120 పేజీల స్క్రిప్టు. మొదటి 30 పేజీలు మనుషులను, లొల్లిని మన ముందట పెట్టుడు. నడుమ 60 పేజీలు ఆ లొల్లిల నలుగుడు. చివరి 30 పేజీలు తెగుడు. మొదటి భాగం కొసకు ఒక పెద్ద మలుపు, రెండో భాగం కొసకు ఇంకో మలుపు. మనకైతే నడుమ ఇంటర్వెల్ గూడ ఉన్నది. చాయ్‌కి లేసిన మనిషి మళ్ల వాపస్ రావాలంటే, అప్పటిదాంక అడిగిన ప్రశ్నకన్న పెద్ద ప్రశ్న అక్కడ పడాలె.

ఈ లెక్కలను గుడ్డిగ పట్టుకునే పనిలేదు. సత్యజిత్ రాయ్ "పథేర్ పాంచాలి"కి పూర్తి స్క్రిప్టు రాయలే, బొమ్మలు గీసుకోని, నోట్సు రాసుకోని తీసిండు. కాని ఆయన చెయ్యి తిరిగిన బొమ్మలోడు, సినిమా మొత్తం కండ్ల ముందట పెట్టుకున్నోడు. మనం మొదలుపెట్టెటప్పుడు ఒక కొలత ఉంటే మంచిది. దర్జీ దగ్గర టేపు ఉన్నట్టు.

మన దగ్గరి మంచి ఉదాహరణ "బలగం", 2023ల వేణు ఎల్దండి తీసింది. కొమురయ్య తాత సచ్చిపోయిండు. పిట్టకు పెడితే కాకి ముడుతలేదు. మూడొద్దుల నాడు ముట్టలే, ఐదొద్దుల నాడు ముట్టలే. పదకొండొద్దుల నాడన్న ముట్టాలె, లేకపోతే ఇంటికి, ఊరికి మంచిది గాదని భయం. చూడుండ్రి, సావు తంతుల ఉన్న రోజుల లెక్కనే సినిమాకు మెట్లైంది. గడువు బయటికెళ్లి తెచ్చి అతికియ్యలే, మన బతుకుల ఉన్నదాన్నే తీసుకున్నడు. బామ్మర్ది, బావల నడుమ ఏండ్ల పగకు మూలం ఒక నల్లిబొక్క. బయటోనికి నవ్వొస్తది, మనకు తెలుసు అది బొక్క ముచ్చట గాదు, ఇజ్జత్ ముచ్చట అని. కాకి ముట్టుడు అన్నది కంటికి కనవడే పని. ఇంటోళ్లు కలిసిండ్రా లేదా అన్నది కనవడని ముచ్చట. కనవడనిదాన్ని కనవడేదానికి కట్టేసుడే స్క్రీన్‌ప్లే రాసెటోని పని.

మన దగ్గర గిసువంటి మెట్లు మస్తున్నయి. బతుకమ్మ తొమ్మిది రోజులు. వలస పోయెటోని వీసా గడువు. బీడీల కంపెనీల ఆకు, తంబాకు ఇచ్చే రోజు, బీడీలు ఒప్పజెప్పే రోజు. వాటిని గడియారం లెక్క వాడుకోవచ్చు.

సీన్లను చీటీల మీద రాయండ్రి

లాగ్‌లైన్ కుదిరినంక నేరుగ డైలాగులు రాయవడితే పది పేజీలకు బండి ఆగుతది. ముందు చీటీలు చెయ్యండ్రి. పెండ్లి కార్డుల ఎన్క దిక్కు ఖాళీ ఉంటది, అది చాలు. ఒక్కో చీటీ మీద ఒక్కో సీన్, ఒక్క లైన్లనే: ఎక్కడ, ఎవరు, ఏం మారింది. పెద్ద సినిమాకైతే సుమారు అరవై, డెబ్బై చీటీలు అయితయి. పది నిమిషాల షార్ట్ ఫిల్ముకు ఏడెనిమిది చాలు.

నేల మీద పరిచి చూడాలె. రెండు చీటీల నడుమ ఏ మాట పడుతున్నది? "ఆ తర్వాత" అని పడుతుంటే కథ నడుస్తలేదు, ఊరికే దినాలు గడుస్తున్నయి. "అందుకే" అని గాని, "కాని" అని గాని పడాలె. లచ్చవ్వ వడ్లు ఆరబోసింది, కాని మబ్బు పట్టింది. అందుకే సుజాతను బతిలాడింది, కాని మిషన్ 19 చూపిచ్చింది. అందుకే పక్క కుప్పల నుంచి ఆరిన వడ్లు తెచ్చి పైన పోసింది, కాని సుజాత లోపలికి చెయ్యి పెట్టింది. ఇట్ల ఒకదాన్ని ఒకటి తోసుకపోవాలె.

ఇంకో పరీక్ష. ఒక చీటీ తీసి పక్కకు పెట్టండ్రి. అది లేకున్నా కథ నడుస్తుందంటే ఆ సీన్ అక్కెరలేదు. ఎంత ముద్దుగున్నా తియ్యాల్సిందే. సీన్ మొదట్ల ఉన్న పరిస్థితి సీన్ కొసకు మారాలె. మారకపోతే అది సీన్ గాదు.

కాయిదం మీద ఎట్ల పెట్టాలె

సీన్‌కు ముందు తలకట్టు ఉంటది. లోపలనా బయటనా, ఏ జాగ, పగలా రాత్రా. ఇది అందం కోసం గాదు. షూటింగ్ చేసెటోళ్లు దీన్ని చూసే లైట్లు, మనుషులు, ఖర్చు లెక్కగడుతరు. ఒక్క జాగల జరిగే సీన్లన్ని ఒక్కసారే తీస్తరు. తలకట్టు కింద ఏం కనవడుతదో, ఏం జరుగుతదో చిన్నచిన్న వాక్యాలల్ల రాయాలె. అది గూడ జరుగుతున్నట్టు రాయాలె, జరిగినట్టు గాదు. పాత్ర మొదటిసారి వచ్చినప్పుడు పేరు, వయసు రాయాలె. మాట్లాడెటోని పేరు, ఆ కింద మాట. మన దగ్గర పాత పద్ధతిల కాయిదాన్ని నిలువుగ రెండు పాయలు చేసి, ఎడమ దిక్కు కనవడేది, కుడి దిక్కు ఇనవడేది రాసెటోళ్లు. మొదలుపెట్టెటోళ్లకు అది గూడ మంచిదే. ఎడమ దిక్కు ఖాళీగ ఉండి కుడి దిక్కు నిండితే, మీది సినిమా గాదు, రేడియో నాటకం అని చూడంగనే తెలుస్తది.

ఒక సీన్ చూడుండ్రి.

సీన్ 5. బయట – ఐకేపీ సెంటర్ – పొద్దుగూకేటప్పుడు

వడ్ల కుప్పలు వరుసగ. మబ్బు. లచ్చవ్వ (50) చినిగిన టార్పాలిన్ కొస మీద రాయి పెడుతది. అది కుప్పకు ఒక్క దిక్కే సరిపోయింది.

సుజాత (38) మాయిశ్చర్ మిషన్ల పిడికెడు వడ్లు పోస్తది. అంకెలు తిరిగి ఆగుతయి: 19. లచ్చవ్వ అంకెను చూడది. సుజాత మొఖం చూస్తది.

లచ్చవ్వ: పొద్దుగాల్నుంచి ఏమన్న తిన్నవా, చెల్లె?

సుజాత (మిషన్ తుడుసుకుంట): ఇయ్యాల లారీ ఒక్కటే వచ్చిందక్కా.

లచ్చవ్వ: ఒక్కటొస్తే ఒక్కటే రానీ. నేనేమన్న అంటినా?

ఉరుము. హమాలీలు తలలెత్తి చూస్తరు. లచ్చవ్వ సద్ది గిన్నె మూత తీసి సుజాత ముందట పెడుతది. సుజాత గిన్నెను ముట్టది. మిషన్ బంద్ చేస్తది. అంకె పోతది.

అంతే సీన్. ఇద్దరు తేమ మాట ఎత్తలే, వాన మాట ఎత్తలే. బతిలాడుడు సద్ది గిన్నెల ఉన్నది. కాదనుడు గిన్నె ముట్టకపోవుట్ల ఉన్నది. ఇదే సీన్ల లచ్చవ్వ నిలవడి "చెల్లె, మేము పేదోళ్లం, కౌలుకు చేసినం, వానొస్తే నా వడ్లు మొలకెత్తుతయి, జెర దయ చూడు" అని చెప్పిందనుకోండ్రి. అన్ని నిజాలే. కాని చూసెటోనికి పని లేకుండపోతది. మనిషి నిజంగ కష్టంల ఉన్నప్పుడు కష్టం గురించి మాట్లాడడు, దాని చుట్టు తిరుగుతడు. మీ అమ్మ అప్పు అడుగబోయిన ఇంట్ల మొదట ఏం మాట్లాడుతదో గుర్తుచేసుకోండ్రి, మీకే తెలుస్తది.

ఇంగ్లీషు స్క్రిప్టులల్ల కొరియర్ అక్షరాలు, 12 సైజు, ఒక పేజీ అంటే సుమారు ఒక నిమిషం అని లెక్క. తెలుగు అక్షరాలకు ఆ లెక్క సరిగ పడది. ఫోన్ల స్టాప్‌వాచ్ పెట్టుకోని గట్టిగ చదవండ్రి. మాటలు లేని పనులకు కండ్లు మూసుకోని ఆ పని జరుగుతున్నట్టు తలుసుకోండ్రి. నిమిషాలు బయటపడుతయి. ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఏం కొనొద్దు. రెండొందల పేజీల నోట్‌బుక్ చాలు.

యాస మీద చల్లుకునే కారం గాదు

ఇప్పుడు తెలంగాణ యాస ఫ్యాషన్ అయింది. మంచిదే. కాని ప్రతి మాట కొసకు "గీడ, గాడ" తగిలిస్తే యాస అయితదనుకునేటోళ్లు ఎక్కువైండ్రు. పాలమూరు మాట వేరు, కరీంనగర్ మాట వేరు, ఆదిలాబాద్ మాట వేరు. ఒక్క ఊర్లనే లంబాడి తండ పెద్దమనిషి తెలుగు వేరు, పాతబస్తీల పనిచేసొచ్చిన మేస్త్రీ మాట వేరు. ఊరి పంతులు బడిల ఒక తీరు, ఇంట్ల ఒక తీరు మాట్లాడుతడు. మన సుజాతనే తీసుకోండ్రి. లచ్చవ్వతోని మన మాట మాట్లాడుతది. ఆఫీసర్ ఫోన్ చేస్తే "సర్, పంపించేస్తాము సర్" అంటది. ఆ ఒక్క మార్పుల ఆమె భయం అంత ఉన్నది. యాసను గట్ల వాడాలె: మనిషి ఎవరి ముందట తల వంచుతుండో, ఎవరి ముందట లేపుతుండో చెప్పెటందుకు.

కొన్ని కాడలల్ల మాట అసలే వద్దు. మన హైదరాబాద్ల పెరిగిన శ్యామ్ బెనగల్ 1974ల తీసిన "అంకుర్" తెలంగాణ ఊరి కథనే. కొసకు దొర కొడుకు మూగ దళితుణ్ణి కొట్టి ఇంట్లకు ఉరికి తలుపేసుకుంటడు. ఒక చిన్న పోరడు రాయి తీసి ఆ ఇంటి కిటికీ అద్దం మీదికి ఇసురుతడు. ఉపన్యాసం లేదు, నినాదం లేదు. 2013ల నాగరాజ్ మంజులే మరాఠీల తీసిన "ఫండ్రీ" కొసకు గూడ రాయే లేస్తది. అయితే ఈసారి జబ్యా ఇసిరిన రాయి దొర ఇంటి మీదికి గాదు, కెమెరా మీదికి, అంటే చూస్తున్న మన మీదికే వస్తది. ఒక్కటే పని, కాని ఎవరి మీదికి పోతుందో మారంగనే అర్థం మొత్తం మారింది. దిక్కు తేల్చింది స్క్రీన్‌ప్లేనే.

ఆ సినిమాలనే ఇంకో సీన్. జబ్యా ఇంటోళ్లు బడి పక్కన పందిని పట్టుకోవాలె. దొరికే యాళ్లకు బడిల జాతీయ గీతం మొదలైతది. అందరు నిలవడుతరు. పందికి ఆ రూలు లేదు, అది పోతది. కులం, దేశం, బడి, ఆకలి అన్ని ఒక్క నిమిషంల వచ్చినయి. దీని మీద నేను వెయ్యి పేజీల వ్యాసం రాసినా అంత తగలది. అందుకే ఉద్యమంల ఉన్నోళ్లు ఈ పని నేర్చుకోవాలంటున్న.

తిరగరాసుడే అసలు రాసుడు

మొదటిసారి రాసింది మట్టి. రెండోసారి, మూడోసారి రాస్తెనే కుండ. రాసినంక వారం పక్కకు పెట్టండ్రి. తర్వాత గట్టిగ చదివి, ముగ్గురికి ఇనిపియ్యండ్రి. ఒకరు సినిమాలు మస్తు చూసెటోళ్లు. ఒకరు ఆ పని చేసెటోళ్లు. వడ్ల సెంటర్ కథైతే హమాలీకి, సంఘపామెకు ఇనిపియ్యాలె. "అక్కా, కాంటా గట్ల పెట్టరు" అని వాళ్లు చెప్పే ఒక్క మాట మీ స్క్రిప్టును నిలవెడుతది. ఇంకొకరు మిమ్ముల మెచ్చుకోని ఉబ్బియ్యని మనిషి. "ఎట్లున్నది?" అని అడగొద్దు, "మస్తున్నది" అంటరు. "యాడ బోరు కొట్టింది? లచ్చవ్వకు ఏం కావాల్నో తెలిసిందా? సుజాత మీద కోపమొచ్చిందా, జాలొచ్చిందా?" అని అడగాలె.

రాసింది దొంగలపాలు కాకుండ

ఇది చెప్పకపోతే పై పాఠాలన్ని వేరేటోని జేబుల పడుతయి. కథ ఇని, "చూద్దాం తమ్మీ" అని పంపిచ్చి, ఆర్నెల్లకు ఆ కథనే తెర మీద పెట్టిండ్రని ఏడ్సినోళ్లను నేను చూసిన. వాళ్ల దగ్గర కాయిదం లేదు, నోటి మాటనే ఉన్నది.

కనుక చట్టం ఏమంటదో తెలుసుకోవాలె. ఊహకు కాపీరైట్ లేదు. ఆర్.జి. ఆనంద్ అనే నాటక రచయిత తన నాటకాన్ని సినిమాగ తీసుకున్నరని కోర్టుకెక్కితే, 1978ల సుప్రీంకోర్టు ఆయనకు వ్యతిరేకంగ తీర్పిచ్చింది. విషయం మీద, ఆలోచన మీద ఎవనికీ హక్కుండది, దాన్ని రాసిన తీరు మీదనే హక్కుంటది అని చెప్పింది. "వడ్ల సెంటర్ మీద సినిమా" అన్న ఆలోచన మీది గాదు, ఎవరైనా తియ్యొచ్చు. మీరు రాసిన ఇరవై సీన్లు, ఆ వరుస, ఆ మాటలు మీవి. అంటే ఎంత వివరంగ రాస్తే అంత హక్కు. నోటితోని చెప్పుకుంట తిరుగుడు కన్న రాసుడే మీకు రక్షణ.

1957 కాపీరైట్ చట్టం కింద, రాసిన క్షణం నుంచే హక్కు మీది. బతికినన్ని దినాలు, తర్వాత ఇంకో 60 ఏండ్లు ఉంటది. రిజిస్ట్రేషన్ సాక్ష్యం కోసం. ఢిల్లీల కాపీరైట్ ఆఫీసుకు ఆన్‌లైన్ల పంపొచ్చు, రచనకు ఫీజు 500 రూపాయలు. హైదరాబాద్ల తెలుగు సినీ రచయితల సంఘం, ముంబైల స్క్రీన్ రైటర్స్ అసోసియేషన్ తమ సభ్యుల స్క్రిప్టులను రిజిస్టర్ చేస్తయి. హక్కు ఇంకొకరికి ఇచ్చుడంటే రాతపూర్వకంగ, సంతకంతోనే చెల్లుతది. చాయ్ తాపి, భుజం మీద చెయ్యేస్తే చెల్లది. ఎంత పైసలు, ఎన్నడు, టైటిల్స్‌ల పేరు ఏ తీరుగ పడుతది, ఈ మూడు ముచ్చట్లు కాయిదం మీద లేకుండ స్క్రిప్టు చేతిల పెట్టొద్దు. ఎవరికి పంపినా మెయిల్‌ల పంపుండ్రి, తారీఖు నిలవడుతది.

ఇగ మొదలుపెట్టుండ్రి

పెద్ద సినిమాతోని షురూ చెయ్యొద్దు. పది నిమిషాల కథ, ఒక్క జాగ, ఇద్దరు మనుషులు. ఒకరికి ఏదో కావాలె, ఇంకొకరు ఇయ్యలేరు, పొద్దుగూకేలోపు తేలాలె. రెండు లైన్ల లాగ్‌లైన్, ఎనిమిది చీటీలు, ఎనిమిది సీన్లు. వారానికి రెండు సీన్ల చొప్పున రాసినా నెల రోజుల్ల ఒక స్క్రిప్టు చేతిలుంటది. రేషన్ షాపు కాడ, ప్రైమరీ హెల్త్ సెంటర్ల, బస్సు ఆగని స్టేజీ కాడ, బీడీల కార్ఖానల, ఓయూ హాస్టల్ మెస్సుల గిసువంటి కథలు రోజూ జరుగుతున్నయి. అక్కడ కూసోని చూసెటోళ్లు మీరే. ఆడపిల్లలకైతే మరీ చెప్తున్న. సుజాత, లచ్చవ్వలను మొగోళ్లు రాస్తే సగమే కనవడుతరు, మిగిలిన సగం మీకే ఎరుక.

మనం రాయకపోతే తెర ఖాళీగ ఏం ఉండది. ఎవరో ఒకరు మనల్ని రాస్తనే ఉంటరు, మళ్ల ఆ రౌడీనే, మళ్ల ఆ పనోడినే. రాసినంక జెర గట్టిగ చదివి మీ ఇంట్ల పెద్దమనిషికి ఇనిపియ్యండ్రి. "ఇది మన ముచ్చటనే" అని ఆమె అంటే, అప్పుడు కెమెరా తియ్యండ్రి.